ఈబర్డ్ ఇండియా: తప్పు పేరు పడ్డ పిల్లిగద్ద విషయంలో ఎంతవరకు పనికొచ్చింది

ఈబర్డ్ అంటే మనం చూసిన పక్షులను నమోదు చేసే ఆన్‌లైన్ సేవ. దాని గురించి తెలుగులో ఎవరైనా రాస్తే ఎక్కువగా ఫోన్‌లో యాప్ ఎలా పెట్టుకోవాలి, ఎన్ని జాతులు చూశాం అన్న దగ్గరే ఆగిపోతుంది. నేను దాన్ని వేరే పనికి వాడాను. మా కాలేజీ మ్యూజియంలో స్టఫ్ చేసిన ఒక గద్ద ఉంది. తప్పు పేరుతో అది మా ప్రాంతపు పక్షుల జాబితాలోకి ఎక్కి కూర్చుంది. దాని అసలు పేరు తేల్చడానికి, ఆ తప్పు ఇంకా పాకకుండా ఆపడానికి ఈబర్డ్ ఎంత సాయపడింది, ఎక్కడ దాని చేయి అందలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: ఐదుకు నాలుగు. రూపాయి ఖర్చు లేదు. కొంచెం ఓపిక మాత్రం కావాలి.

నేను నంద్యాల వైపు ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ల్యాబ్ పక్కన చిన్న మ్యూజియం గది ఉంది. ఫార్మలిన్ సీసాల్లో పాములు, జెర్రులు, ఒక అద్దాల అలమరలో స్టఫ్ చేసిన పక్షులు. వాటిలో కొయ్య మీద నిలబెట్టిన ఒక గోధుమరంగు గద్ద. తోక మొదట్లో తెల్లటి పట్టీ, తోక మీద అడ్డచారలు. కాలికి కట్టిన చీటీ మీద ఇంగ్లిషులో ‘హెన్ హారియర్, ఆడ, నందికొట్కూరు దగ్గర, జనవరి 1968’ అని ఉంది. స్టాక్ రిజిస్టర్‌లో కూడా అదే పేరు, అదే నెల. ఎవరు తెచ్చారో, ఎవరు పేరు పెట్టారో మాత్రం రాయలేదు.

హారియర్లను మన వైపు పిల్లిగద్దలంటారు. చలికాలంలో శనగచేల మీద, బీళ్ల మీద చాలా కిందుగా, రెక్కలు కొంచెం పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ ఎగిరే గద్దలు ఇవే. మిడుతలు, ఎలుకలు, చిన్న పిట్టలు వాటి తిండి. రోళ్లపాడు గడ్డిమైదానం వాటికి పేరున్న చోటు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆరు చదరపు కిలోమీటర్ల చిన్న జాగా అది. బట్టమేక పిట్ట కనిపించక ఏళ్లయిపోయింది గానీ, చలికాలం సాయంత్రాల్లో పిల్లిగద్దలు రాత్రి పడుకోవడానికి ఆ గడ్డిలోకి దిగడం ఇప్పటికీ చూడొచ్చు. అక్కడికి ప్రధానంగా వచ్చేవి రెండు జాతులు: పాలిడ్ హారియర్, మాంటెగ్యూ హారియర్. మార్ష్ హారియర్ కూడా వస్తుంది, అది పెద్దది, నీళ్లున్న చోట ఎక్కువ.

హెన్ హారియర్ సంగతి వేరు. యూరప్, ఆసియా ఉత్తర భాగాల్లో గూళ్లు పెట్టి చలికాలానికి దక్షిణంగా దిగుతుంది. మన దేశంలో దాని చలికాలపు మకాం హిమాలయాల దిగువన, ఉత్తరాది మైదానాల్లో. దక్కన్‌లో దాన్ని చూశామని ఎవరైనా అంటే ‘ఎలా తెలిసింది’ అని అడిగి తీరాలి. ఎందుకంటే హెన్, పాలిడ్, మాంటెగ్యూ మూడు జాతుల ఆడపక్షులూ పైకి ఒకేలా ఉంటాయి. గోధుమరంగు ఒళ్లు, తోక మొదట్లో తెల్లపట్టీ, చారల తోక. ఈ వేషంలో ఉన్న వాటన్నిటినీ కలిపి పక్షులు చూసేవాళ్లు రింగ్‌టెయిల్ అంటారు. ఇంగ్లాండులో ఒకప్పుడు రింగ్‌టెయిల్ అనేది వేరే జాతే అనుకునేవాళ్లు. బూడిదరంగు మగది, ఈ చారల తోకది ఒకే జాతిలో మగా ఆడా అని తేల్చినవాళ్లలో జార్జ్ మాంటెగ్యూ ముఖ్యుడు. ఆయన పేరే ఇంకో హారియర్‌కు స్థిరపడింది. రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లోనే అంత గందరగోళం ఉంటే, 1968లో నందికొట్కూరు దగ్గర దొరికిన పక్షికి చేతికందిన పుస్తకంలోని పేరు పెట్టినాయన్ని నేనేమీ అనను. ఆయన ఆ పక్షిని పారేయకుండా ఊరు, నెల రాసి దాచాడు. ఈరోజు మనం దాని గురించి మాట్లాడగలుగుతున్నామంటే అందుకే.

సమస్య ఆ తర్వాత వచ్చింది. మా ప్రాంతంలో పక్షుల మీద ఒక బృందం చిన్న పుస్తకం వేసింది. అందులో హెన్ హారియర్ ఎదురుగా ‘కాలేజీ మ్యూజియంలో నమూనా ఉంది’ అని రాశారు. కంటితో చూశామన్న రికార్డును అనుమానిస్తారు గానీ, నమూనా ఉందంటే ఎవరూ నోరెత్తరు. ఆ పుస్తకం నుంచి పేరు విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లోకి వెళ్లింది. ఒకరిని చూసి ఒకరు రాశారు. అలమర తెరిచి పక్షిని చూసినవాళ్లు లేరు.

ఈబర్డ్ ఇందులోకి మా రెండో సంవత్సరం బీఎస్సీ కుర్రాడి వల్ల వచ్చింది. పక్షులంటే వాడికి ప్రాణం. అద్దంలోంచి ఫొటో తీసి, ఆ రోజు తేదీతో, హెన్ హారియర్ అని ఈబర్డ్‌లో పెట్టాడు. ఇక్కడ ఈబర్డ్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ప్రతి ప్రాంతానికి, ప్రతి నెలకు ఏ పక్షి ఎన్ని వరకు మామూలో ముందే ఒక వడపోత పెట్టి ఉంటుంది. ఆ హద్దు దాటితే, లేదా ఆ చోట మామూలుగా ఉండని పేరు రాస్తే, పేరు పక్కన గుర్తు వస్తుంది. ఎలా గుర్తుపట్టారో రాయమని పెట్టె తెరుచుకుంటుంది. రాసినా కూడా అది వెంటనే అందరి మ్యాపుల్లోకి వెళ్లదు. ఆ ప్రాంతాన్ని చూసుకునే సమీక్షకుడి దగ్గరకు వెళ్తుంది. ఈ సమీక్షకులు జీతగాళ్లు కాదు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఇతరుల రికార్డులు ఒక్కొక్కటే చదివే స్వచ్ఛంద పక్షి ప్రేమికులు.

మావాడికి సమీక్షకుడి నుంచి మెయిల్ వచ్చింది. వాడు టెన్షన్ పడిపోయి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. “మేడమ్, నా అకౌంట్ తీసేస్తారేమో” అన్నాడు. మెయిల్ చదివితే అందులో కోప్పడ్డ మాట ఒక్కటీ లేదు. ఫొటో పంపినందుకు థాంక్స్ చెప్పి, రెండు విషయాలు రాశారు. ఈబర్డ్ బతికున్న పక్షుల కోసం, మ్యూజియం నమూనాను ఈరోజు చూసిన పక్షిగా రాయకూడదు అన్నది ఒకటి. రెండోది నాకు ముఖ్యం: ఇది హెన్ హారియర్ అని చీటీ తప్ప ఇంకేదైనా ఆధారం ఉందా, రెక్క చివరి ఈకల దగ్గరి ఫొటోలు తీయగలరా అని అడిగారు.

నేను ఈ సేవకు ఎక్కువ మార్కులు వేసింది ఆ రెండో ప్రశ్నకే. నియమం చెప్పి రికార్డు పక్కన పెట్టేస్తే వాళ్ల పని అయిపోయేది. అలా చేయకుండా పక్షి గురించి అడిగారు. ఇంకో మాట కూడా చెప్పాలి. సమీక్షకుడు మన రికార్డులో పేరు మార్చలేడు. ధ్రువీకరించడం, ధ్రువీకరించకుండా ఉంచడం వరకే ఆయన అధికారం. పేరు మార్చాలంటే రాసినవాళ్లే మార్చాలి. ధ్రువీకరించని రికార్డు కూడా మన సొంత లెక్కలో అలాగే ఉంటుంది, అందరికీ కనిపించే మ్యాపుల్లోకి రాదంతే. ఇది కొందరికి అనవసరమైన మొహమాటంలా అనిపించవచ్చు. క్లాసులో నేను చూసింది వేరు. ఎర్ర సిరాతో కొట్టేసిన జవాబును పిల్లలు మళ్లీ చూడరు. ‘ఇది ఎలా తెలిసింది’ అని అడిగితే పుస్తకం తెరుస్తారు.

మేమూ తెరిచాం. గ్లోవ్స్, మాస్కు వేసుకుని పక్షిని అలమర లోంచి తీశాం. పాత రోజుల్లో చర్మం పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవాళ్లు. మీ కాలేజీలో కూడా పాత నమూనాలుంటే వట్టి చేతులతో ముట్టుకోకండి, పిల్లలతో ముట్టించకండి.

రంగు చూసి ఏమీ తేల్చలేకపోయాం. కిటికీ వెలుతురుకు దశాబ్దాలు నిలబడి ఒళ్లంతా వెలిసిపోయింది. కంటి రంగు అసలే లెక్కలోకి రాదు, అవి ఎవరో రంగేసి పెట్టిన గాజు కళ్లు. పొట్ట మీద నిలువు చారలు మిగిలాయి కాబట్టి ఆ ఏడాది పుట్టిన పిల్ల కాదు, పెద్ద ఆడపక్షి అని మాత్రం చెప్పవచ్చు. పాలిడ్, మాంటెగ్యూల పిల్ల అయితే అక్కడ చారలు లేకుండా ఎర్రమట్టి రంగు ఉండాలి. వెలిసిపోనిది ఒక్కటే: ఈకల ఆకారం.

గద్ద రెక్క చివర పొడుగు ఈకలుంటాయి, ప్రైమరీలంటారు. ఎగిరేటప్పుడు చేతివేళ్లలా విడివిడిగా కనిపించేవి అవే. హెన్ హారియర్‌కు అలాంటి వేళ్లు ఐదు, పాలిడ్, మాంటెగ్యూలకు నాలుగు. స్టఫ్ చేసిన పక్షి రెక్క మూసి ఉంటుంది కాబట్టి వేళ్లు కనపడవు. కానీ ఆ వేళ్లు విడిపోవడానికి కారణం ఈక బయటి అంచు ఒక చోట ఒక్కసారిగా సన్నబడటం. ఆ నొక్కు ఈక మీద శాశ్వతంగా ఉంటుంది. బయటి నుంచి లెక్కపెడితే హెన్ హారియర్‌లో రెండో ఈక నుంచి ఐదో ఈక దాకా ఈ నొక్కు ఉంటుంది. మిగతా రెండు జాతుల్లో రెండు నుంచి నాలుగు దాకానే. అంటే అసలు ప్రశ్న ఒక్కటి: ఐదో ఈకకు నొక్కు ఉందా, లేదా?

ఎండిన ఈకను వంచితే విరుగుతుంది. మొద్దు పెన్సిల్ మొనతో ఒక్కొక్క ఈకను కొద్దిగా లేపి, కింద తెల్ల కాగితం దూర్చి, పక్క నుంచి టార్చి వేసి చూశాం. మా అటెండర్ అన్న టార్చి పట్టుకున్నాడు, కుర్రాడు ఫొటోలు తీశాడు. రెండో ఈకకు నొక్కు ఉంది. మూడో దానికి, నాలుగో దానికి ఉంది. ఐదో ఈక బయటి అంచు మొదటి నుంచి చివరి దాకా సాఫీగా పోయింది. రెండో రెక్క కూడా చూశాం, అదీ అంతే. ఒక పక్క చూసి ఆగిపోవద్దు. రాలిన ఈక సగం ఎదిగి ఉన్నప్పుడు లెక్క తప్పుతుంది.

హెన్ హారియర్ కాదని అక్కడే తేలింది. మరి పాలిడా, మాంటెగ్యూనా? దానికి రెండో ఈక మీదున్న నొక్కునే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ప్రైమరీల మొదళ్లను కప్పుతూ పొట్టి ఈకల వరుస ఒకటి ఉంటుంది, కవర్ట్‌లంటారు. మాంటెగ్యూలో నొక్కు ఆ కవర్ట్‌ల కొసలు దాటి బాగా బయటకు, అంగుళం అటూ ఇటుగా, ఉంటుంది. పాలిడ్‌లో కొసలకు దగ్గరగానే ఉంటుంది. మా పక్షిలో నొక్కు దాదాపు కవర్ట్‌ల కొసల దగ్గరే ఉంది. ఇక ముఖం చూస్తే, చెంప మీది ముదురు మచ్చ వెనక లేత రంగు కంటె లాంటి పట్టీ, దాని వెనక మళ్లీ ముదురు మెడ వెలిసిపోయినా ఆనవాలు మిగిలాయి. అదీ పాలిడ్ లక్షణమే. మాంటెగ్యూ ఆడపక్షికి ఆ కంటె అంత స్పష్టంగా ఉండదు.

ఈ పనిలో ఈబర్డ్‌తో పాటు దొరికే మెకాలే లైబ్రరీ మాకు ఎంత ఉపయోగపడిందో చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల నడిపే ఫొటోల, శబ్దాల నిధి అది. ఈబర్డ్‌లో జనం పెట్టే ఫొటోలన్నీ అందులోకే చేరతాయి. జాతి, ప్రాంతం, నెల, ఆడా మగా, పెద్దదా పిల్లా అని ఎంచుకుని వెతకొచ్చు. చేతిలో పట్టుకుని తీసిన ఫొటోలను వేరుగా ఏరుకోవచ్చు. పరిశోధన కోసం కాలికి రింగు వేయడానికి పట్టుకున్న పక్షుల రెక్కలు విప్పి తీసిన ఫొటోలు అలా దొరుకుతాయి. గైడ్ పుస్తకంలో ఒక జాతికి రెండు మూడు బొమ్మలుంటాయి. ఇక్కడ పాలిడ్ ఆడపక్షులు వరసగా వస్తాయి, వెలుతురు మారి, వయసు మారి, ఈకలు అరిగి. వాటి ముందు మా నమూనా ఫొటో పెట్టి చూసుకుంటే కుర్రాడే ముందు అన్నాడు: “మేడమ్, మెడ చూడండి.” వాడికి అప్పటికి ఆ లక్షణం సంగతి నేను చెప్పలేదు.

అయితే ఒక జాగ్రత్త. ఆ లైబ్రరీలోని ఫొటోలకు పేర్లు పెట్టింది కూడా మనలాంటి మనుషులే. రింగ్‌టెయిల్స్ విషయంలో తప్పులు ఉండకుండా ఉండవు. పేరు తప్పనిపిస్తే ఫొటో కింద ఫిర్యాదు చేసే వీలుంది. దాన్ని మొహమాటపడకుండా వాడండి. ఒక ఫొటోతో ఎప్పుడూ తేల్చుకోకండి.

ఫొటోలు, కొలతలు సమీక్షకుడికి పంపాం. పాలిడ్ అనే అభిప్రాయానికే ఆయనా వచ్చారు. ఇంకో ఇద్దరు అనుభవజ్ఞులకు కూడా చూపించి, వాళ్ల మాటలు కలిపి రాశారు. కుర్రాడు ఈబర్డ్‌లో పెట్టిన తన చెక్‌లిస్టు (ఆ రోజు నమోదు) తీసేశాడు. నేరుగా చూసింది కాదు కాబట్టి పేరు మార్చి ఉంచడం కూడా సరికాదు. పాలిడ్ హారియర్ నంద్యాల వైపు కొత్తేమీ కాదు, దాని రికార్డులు బతికున్న పక్షులవే ఈబర్డ్‌లో ఉన్నాయి.

ఇక్కడే ఈ సేవ హద్దు తెలుస్తుంది. మ్యూజియం నమూనా పేరు సరిదిద్దాం, కానీ ఆ దిద్దుబాటు పెట్టడానికి ఈబర్డ్‌లో చోటు లేదు. ఉండాలని నేను అనను. బతికున్న పక్షుల లెక్కలో అలమరలోని పక్షులు కలిస్తే లెక్కే పాడవుతుంది. మేము ఐనాచురలిస్ట్ అనే ఇంకో సైటులో పెట్టాం. అక్కడ చనిపోయిన జీవిని కూడా నమోదు చేయొచ్చు, అయితే దొరికిన చోటు, దొరికిన తేదీ వేయాలి. మనం ఫొటో తీసిన తేదీ వేయకూడదు. తేదీ, చోటు లేని నమూనాలను అది పరిశోధనకు పనికొచ్చే రకంగా లెక్కించదు. మా చీటీ మీద ‘జనవరి 1968’ ఉండటం ఎంత విలువైందో అప్పుడు పిల్లలకు అర్థమైంది. అక్కడ ఎవరైనా తమ అభిప్రాయం రాయొచ్చు, మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒప్పుకున్న పేరు నిలుస్తుంది. పాత అభిప్రాయాలూ కింద అలాగే కనిపిస్తాయి.

ఆ చివరి సంగతే ఈబర్డ్‌లో నాకు లోటు, ఒక మార్కు తగ్గించింది కూడా అందుకే. ఈబర్డ్‌లో రాసినవాళ్లు పేరు మార్చుకుంటే కొత్త పేరు మాత్రమే మిగులుతుంది. ముందు ఏం రాశారు, ఎవరు అడిగారు, ఏ ఆధారంతో మారింది అన్నది చూసేవాళ్లకు కనపడదు. ఆ చర్చంతా మెయిళ్లలో ఉండిపోతుంది. ఒక ప్రాంతపు జాబితా రాసేవాళ్లకు తప్పు ఎలా దొరికిందన్నది సరైన పేరంత ముఖ్యం. అది కనపడకపోతే అదే తప్పు ఇంకో పదేళ్లకు ఇంకొకరు మళ్లీ చేస్తారు. అందుకే పేరు మార్చుకునేవాళ్లు వివరాల పెట్టెలో ‘ముందు ఫలానా అనుకున్నాం, ఫలానా లక్షణం చూసి మార్చాం’ అని ఒక వాక్యం రాయాలని నా విద్యార్థులందరికీ చెప్తున్నాను. మ్యూజియంలో పద్ధతి ఇదే. పాత చీటీని ఎప్పుడూ తీసేయకూడదు, దాని మీద కొట్టివేతలు చేయకూడదు. పక్కన కొత్త చీటీ కట్టి పేరు, ఆధారం, గుర్తించినవాళ్ల పేరు, తేదీ రాయాలి. మా పిల్లిగద్ద కాలికి ఇప్పుడు రెండు చీటీలున్నాయి.

చీటీని నమ్మి మోసపోయినవాళ్లలో మహామహులు ఉన్నారు. ఫారెస్ట్ ఔలెట్ అని మధ్యభారతంలో ఒక చిన్న గుడ్లగూబ ఉంది. 1884 తర్వాత అది నిజంగా కనిపించిన దాఖలా లేదు. కానీ రిచర్డ్ మైనర్ట్జ్‌హాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లో మాండ్వి దగ్గర దాన్ని సేకరించానని చెప్పిన నమూనా ఒకటి మ్యూజియంలో ఉండేది. పక్షి శాస్త్రవేత్తలు పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ ఆ చర్మాన్ని కుట్లతో సహా పరీక్షించి, అది 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పక్షేనని, దొంగిలించి మళ్లీ స్టఫ్ చేసి కొత్త చీటీ కట్టారని 1999లో ప్రచురించారు. ఆ ప్రచురణకు ముందే, దొంగ చీటీని పక్కన పెట్టి, నిజమైన నమూనాలు దొరికిన వైపు వెతికితే 1997 నవంబర్‌లో మహారాష్ట్రలో షహాదా దగ్గర ఆ గుడ్లగూబ బతికి ఉన్నట్టు తేలింది. మా అలమరలోని పక్షికి మోసంతో సంబంధం లేదు, అది మంచి మనసుతో పెట్టిన తప్పు పేరు. కానీ జాబితాలోకి ఎక్కాక ఫలితం ఒకటే. ఉన్న జాతిని లేని చోట వెతుకుతారు, వచ్చే జాతిని లెక్కలోంచి వదిలేస్తారు.

పాలిడ్ హారియర్‌ను లెక్కలోంచి వదలకూడని రోజులివి. దక్షిణ రష్యా, కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో పుట్టి మన బీళ్లకు వచ్చే ఈ గద్దను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రమాదానికి దగ్గర్లో ఉన్న జాతుల్లో పెట్టింది. ‘భారత పక్షుల స్థితి’ నివేదిక 2023లో వచ్చింది. దాదాపు ముప్ఫై వేలమంది ఈబర్డ్‌లో రాసిన మూడు కోట్ల రికార్డులు దానికి ఆధారం. గడ్డిభూములు, బీళ్ల మీద బతికే పక్షులు, గద్దల్లాంటి వేటాడే పక్షులు తగ్గిపోతున్నాయని అందులో తేలింది. ఈబర్డ్ రికార్డులు జీబిఫ్ అనే అంతర్జాతీయ సమాచార నిధికీ చేరతాయి, అక్కడి నుంచి ఎవరైనా పరిశోధనకు తీసుకుంటారు. నంద్యాలలో ఒక పిల్లవాడు రాసిన ఒక్క పేరు అంత దూరం వెళ్తుంది. అందుకే మధ్యలో ఒక మనిషి ఆగి ‘ఎలా తెలిసింది’ అని అడగడం నాకు అంత విలువైనదిగా కనిపించింది. వాళ్లు స్వచ్ఛందంగా చేస్తున్నారు కాబట్టి జవాబు ఆలస్యం కావచ్చు, ముఖ్యంగా చలికాలంలో రికార్డులు వెల్లువెత్తినప్పుడు. విసుక్కోకుండా మళ్లీ ఒక మర్యాదైన మెయిల్ పెట్టండి.

భాష గురించి కూడా ఒక మాట. మెయిళ్లు మాకు ఇంగ్లిషులోనే నడిచాయి. నా విద్యార్థుల్లో సగంమందికి పక్షి లక్షణం కళ్లకు తెలుసు, ఇంగ్లిషులో రాయడానికి జంకుతారు. వివరాల పెట్టెలో తెలుగులో రాయడానికి ఏ అడ్డూ లేదు, రాయండి. తెలుగు చదివే పక్షి ప్రేమికులు ఉన్నారు, చదివించుకుంటారు. తప్పు ఇంగ్లిషులో రెండు ముక్కలు రాయడం కంటే, ‘ఐదో ఈకకు నొక్కు లేదు’ అని తెలుగులో స్పష్టంగా రాయడం మేలు.

గుర్తుపట్టలేనప్పుడు తెలియదని చెప్పే వీలు ఉండటం ఈ సేవలో నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి. పాలిడ్ లేదా మాంటెగ్యూ అని రెండిటినీ కలిపి రాయొచ్చు, అదీ కాకపోతే ఉత్త ‘హారియర్’ అని రాయొచ్చు. అలా రాసినందుకు మీ జాతుల సంఖ్య పెరగదు. పోటీల మీద మోజున్న పిల్లలకు అది కష్టంగా ఉంటుంది. సంఖ్య కోసం పేరు పెట్టే అలవాటును నేను మాత్రం క్లాసులో గట్టిగా ఆపుతాను.

ఆ చిన్న పుస్తకం వేసిన బృందానికి ఫొటోలు, సమీక్షకుల అభిప్రాయాలు జతచేసి ఉత్తరం పంపాం. తర్వాతి ముద్రణలో మారుస్తామన్నారు. ఈలోగా పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు హెన్ హారియర్ పేరు పక్కన పెన్సిల్‌తో ‘నమూనా పాలిడ్ హారియర్, ఆడ’ అని రాసుకోండి.

మీ ఊరి కాలేజీలోనో స్కూల్లోనో ఇలాంటి గద్ద ఉంటే అడగడానికి ముందు ఈ ఫొటోలు సిద్ధం చేసుకోండి: చీటీ రెండు వైపులా, స్టాక్ రిజిస్టర్‌లో ఆ పేజీ, ముఖం పక్క నుంచి, ముడిచిన రెక్క పక్కన స్కేలు పెట్టి, బయటి నుంచి ఆరు ఈకల అంచులు కాగితం మీద ఒక్కొక్కటిగా, రెండో ఈక మీది నొక్కు కవర్ట్‌ల కొసలతో కలిపి ఒకే ఫ్రేములో. ఫ్లాష్ వేయకండి, అద్దం లోంచి తీయకండి. రెండు రెక్కలవీ తీయండి.